అల్యూమినియం నలుపు: చేతులు కాలాక నేర్చుకున్నది

మా కోయంబత్తూరులో ఇంటికో లేతు మిషను ఉంటుందని బయటివాళ్ళు వేళాకోళం చేస్తారు. జి.డి. నాయుడుగారి ఊరు మరి! మా పెరటి షెడ్డులోనూ ఒక డ్రిల్లింగ్ మిషను, ఒక బెంచి వైసు ఉన్నాయి. ఆ ధైర్యంతోనే చేయకూడని పని ఒకటి చేశాను.

మా అమ్మాయి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలకు వెళుతుంది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ పోటీలోనే. ఇప్పటి రైఫిళ్ళలో కట్టె మడమకు బదులు అల్యూమినియం ముక్కలు వచ్చాయి. భుజానికి, చెంపకు సరిపడేలా వాటిని జరుపుకోవచ్చు. మేము కొన్నది ఒకరు వాడిన రైఫిలు. చెమట తగిలి భుజానికి ఆనే పలక మీద నలుపు పోయి, తెల్లటి మచ్చలు తేలాయి.

ఇనప సామాను మీద పాత రంగు తీయాలంటే కాస్టిక్ సోడా నీళ్ళలో వేయడం నాకు చిన్ననాటి అలవాటు. ఈ పలకనూ అలాగే వేసి కాఫీకి వెళ్ళాను. వచ్చేసరికి బకెట్టు బుసలు కొడుతోంది. బయటికి తీస్తే నలుపుతోపాటు అంచులూ కరిగాయి, మర చుట్లూ పోయాయి. జిల్లా పోటీకి తొమ్మిది రోజులే ఉంది. “నాయనా, ఇది నీ మోటారు కవరు కాదు” అని ఒక్క మాటన్నది మా అమ్మాయి. తిట్టినా బాగుండేది.

జరిగిందేమిటంటే, ఆ నలుపు రంగు కాదు. దాన్ని ఆనొడైజింగ్ అంటారు. అల్యూమినియాన్ని గంధకామ్లం కలిపిన నీటిలో ముంచి, బ్యాటరీ పాజిటివ్ తీగ తగిలిస్తే లోహమే పైపొరలో ఆక్సైడుగా మారుతుంది. అందులోని సన్నని రంధ్రాలు రంగు పీల్చుకుంటాయి. తర్వాత మరిగే నీళ్ళలో ఉంచితే అవి మూసుకుంటాయి. మన వంటింటి హార్డ్ ఆనొడైజ్డ్ పెనం కూడా ఈ జాతిదే. దాని పొర ఇంకా మందం. చెట్టుకు బెరడులాగా అది లోహంలోంచే పుట్టినది. కాస్టిక్ సోడా ఆ బెరడునూ తింటుంది, కింది లోహాన్నీ తింటుంది. లేచే బుడగలు హైడ్రోజను. పక్కన నిప్పుంటే అంటుకుంటుంది. ఆ రోజు షెడ్డులో నేను బీడీ ముట్టించకపోవడం మా ఆవిడ పుణ్యం.

ఒక మిత్రుడు రెండు రాత్రులు మేలుకొని మిల్లింగ్ మిషను మీద కొత్త పలక చేసి ఇచ్చాడు. దానికి నలుపు వేయడం మాత్రం ఈసారి అడిగి తెలుసుకునే చేశాను. ఆమ్లం, కరెంటు ఇంట్లో వద్దనుకున్నాను. ముందు గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, పచ్చ పీచుతో తడిగా అంతటా సమంగా రుద్దాలి. నీళ్ళు పోస్తే పలచగా పరుచుకోవాలి. తామరాకు మీద బొట్టులా నిలిస్తే ఇంకా జిడ్డు ఉన్నట్టే, మళ్ళీ కడగాలి. ఆరాక థిన్నరుతో తుడిచి, ఆ తర్వాత చేత్తో ముట్టుకోకూడదు. రుద్దిన అల్యూమినియం గాలి తగిలితే వెంటనే మళ్ళీ ఆక్సైడు కడుతుంది కనుక, అదే పూట కార్ల పెయింటు కొట్లో దొరికే ఎచ్ ప్రైమరు పలచగా వేయాలి. దానిమీద మెరుపులేని నలుపు రెండు కోట్లు. మర చుట్లకు ముందే టేపు అంటించాలి. లేకపోతే స్క్రూ ఎక్కదు. షెడ్డు తలుపులు తెరిచి, మాస్కు పెట్టుకుని చేయాలని వేరే చెప్పాలా? అల్యూమినియాన్ని నల్లగా చేస్తామని అమ్మే సీసా మందులూ ఉన్నాయి. చాలావాటిలో సెలీనియం ఉంటుంది, అది విషం. పైగా ఆ నలుపు రాపిడికి నిలవదు.

ఇదంతా విడదీసి బల్లమీద పెట్టగల ముక్కలకే. రైఫిలు గాలి సిలిండరు జోలికి మాత్రం వెళ్ళకండి. అందులో 200 బార్ వరకు ఒత్తిడి ఉంటుంది, అంటే కారు టైరుకు సుమారు వంద రెట్లు. అల్యూమినియాన్ని వేడి చేస్తే బలం తగ్గుతుంది, గీకితే గోడ పలచబడుతుంది. నంబరు చెక్కిన చోటా గీకకండి. మందు తూటాల తుపాకులైతే ఇంట్లో ముట్టుకోనే కూడదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం వాటిని మరమ్మతు చేయడానికే లైసెన్సు కావాలి. వాటి నంబరు చెరపడం నేరం.

ఆ పోటీలో మా అమ్మాయి స్కోరు ఎప్పటికన్నా తగ్గింది. కొత్త పలక వల్లనా అని నేను అడగలేదు, తనూ చెప్పలేదు. కరిగిన పాత పలక షెడ్డులో మేకుకు వేలాడుతోంది. పారేద్దామంటే మా అమ్మాయి ఒప్పుకోదు.