ఈ-పుస్తకంలో వత్తులు చెదరకుండా ఉండాలంటే...

ఊరి దేవాలయ చరిత్ర, బడి వార్షికోత్సవ సంచిక, పిల్లల బొమ్మల కథలు వంటి చిన్న పుస్తకాలను డీటీపీ చేయించి, కొద్ది ప్రతులు అచ్చువేయించి బంధుమిత్రులకు పంచే అలవాటు మన గ్రామాలలో ఉండేది. ఆ ప్రతులలో చాలావరకు చెదల పాలయ్యాయి. డీటీపీ ఫైళ్ళు మాత్రం ఎవరి సీడీలోనో, పాత కంప్యూటరులోనో మిగిలి ఉన్నాయి. వాటిని ఫోనులో చదువుకొనే ఈ-పుస్తకాలుగా మార్చాలని నేటి యువతరం ఉత్సాహపడుతున్నది. తీరా మార్చి చూస్తే వత్తు ఒకచోట, అక్షరం మరొకచోట పడుతున్నాయి. కొన్ని పుటలలో తెలుగుకు బదులు ఆంగ్ల అక్షరాల కలగాపులగం దర్శనమిస్తున్నది. లోపం ఎక్కడ ఉన్నది? సరిదిద్దుకొనే మార్గమేది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సరిహద్దు గ్రామాలకు ఇది ఎందుకు ముఖ్యం?

1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రాల సరిహద్దును సవరించినప్పుడు తిరుత్తణి ప్రాంతం అటు చేరింది, సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది. గీత జరిగినా ఇళ్ళలో మాట మారలేదు. తమిళనాడులో 2006 నాటి చట్టం ప్రకారం, 2006-07 విద్యా సంవత్సరం నుండి దశలవారీగా, పదవ తరగతి వరకు తమిళం తప్పనిసరి పాఠ్యాంశమయింది. అక్కడి తెలుగు కుటుంబాలలో మాతృభాష చదివించే బాధ్యతలో పెద్ద భాగం ఇంటి మీద పడింది. ఇంట్లో ఉన్న పుస్తకం ఫోనులోకి సవ్యంగా చేరితే ఆ బాధ్యత కొంత తేలికవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకొందాం. సత్యవేడు వైపు నుండి వచ్చి చెన్నై పురసవాక్కంలో ఉద్యోగం చేస్తున్న యువకుడు ఒకడున్నాడనుకొనండి. వాళ్ళ అవ్వ చెప్పిన కథలను తండ్రి 2003లో పేజ్‌మేకర్‌లో బొమ్మలతో కూర్పు చేయించి అచ్చువేశాడు. ఇప్పుడు అవ్వకు చూపు ఆనదు. తిరుత్తణిలో ఉన్న మేనకోడలికి తెలుగు చదవడం ఇప్పుడిప్పుడే వస్తున్నది. ఆ కథలు అవ్వకు వినబడాలి, పాపకు కనబడాలి. ఇతని ప్రయత్నంలో ఎదురయ్యే చిక్కులను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

ఈ-పుస్తకాలలో రెండు రకాలు

ఈపబ్ అనే ఈ-పుస్తక రూపంలో రెండు పద్ధతులున్నాయి. మొదటిది ప్రవాహ పద్ధతి. అక్షరాన్ని పెద్దది చేస్తే వాక్యాలు తెరకు తగినట్లు తిరిగి సర్దుకొంటాయి. రెండవది స్థిర పుటల పద్ధతి, అనగా ఫిక్స్‌డ్ లేఅవుట్. ఇందులో అచ్చు పుటలో ఉన్న బొమ్మ, దాని పక్కన ఉన్న మాట అదే స్థానంలో నిలుస్తాయి. 1947 జులైలో మద్రాసు నుండి తెలుగు, తమిళ భాషలలో మొదలైన చందమామ పుటలను తలచుకొంటే ఇది సులభంగా బోధపడుతుంది. అక్కడ బొమ్మను, కథను విడదీస్తే అందం పోతుంది. అటువంటి పుస్తకాలకే స్థిర పుటలు తగినవి. ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఈ ఎగుమతి సౌకర్యం 2014లో వచ్చింది.

పుట స్థిరంగా ఉంటుంది కనుక అక్షరం కూడా స్థిరంగా ఉంటుందని చాలామంది భావిస్తారు. ఇది పొరపాటు. బొమ్మల స్థానం ఫైలులో నమోదవుతుంది. అక్షరాన్ని మాత్రం చదివే ఫోనే అప్పటికప్పుడు గీస్తుంది. చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

సీసపు అచ్చులు, యూనికోడ్

పురసవాక్కాన్ని ఆనుకొని ఉన్న వేపేరిలో, క్రిస్టియన్ నాలెడ్జ్ సొసైటీ ముద్రణాలయంలో, 1852లో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు-ఆంగ్ల నిఘంటువు అచ్చయింది. సీసపు అచ్చుల కాలంలో కంపోజిటరు అరలలో నుండి ముక్కలు ఏరి, అక్షరానికి వత్తు చేర్చి పదాన్ని పేర్చేవాడు. ముక్క ఆకారమే అతనికి ఆధారం.

పేజ్‌మేకర్ కాలంలో వాడిన అను వంటి ఫాంట్లు కూడా ఇదే పద్ధతిలో పని చేశాయి. ఆంగ్ల అక్షరాలకు కేటాయించిన స్థానాలలో తెలుగు ముక్కలను దాచాయి. కంప్యూటరు దృష్టిలో అక్కడ ఉన్నది ఆంగ్ల అక్షరమే. పైన తొడిగిన ఫాంటు వలన మన కంటికి తెలుగుగా కనబడుతుంది. ఫాంటు జారిపోతే తెలుగు కూడా జారిపోతుంది.

యూనికోడ్ పద్ధతి వేరు. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగుకు సొంత స్థానాలు లభించాయి. ఇందులో నిలువ ఉండేది ఆకారం కాదు, వర్ణక్రమం. 'పురసవాక్కం' అన్న మాటలో కంటికి కనబడేవి ఐదు అక్షరాలు. ఫైలులో నిలువ ఉండేవి పది సంకేతాలు: ప, ఉకారం, ర, స, వ, దీర్ఘం, క, పొల్లు, మరల క, చివర సున్న. కకు కవత్తు తగిలించి గీయడం ఫాంటు, ఫోను కలిసి చేసే పని. ఆ ఫాంటు దొరకకపోయినా, తెలుగు వచ్చిన ఫోను తన సొంత ఫాంటుతో ఆ మాటను చూపగలదు. అందం తగ్గవచ్చును గాని మాట నిలుస్తుంది.

ఒక చిన్న పరీక్ష

తయారైన ఈ-పుస్తకంలో ఒక మాటను నకలు చేసి, ఫోనులో సందేశం వ్రాసే చోట అతికించండి. తెలుగు మాట తెలుగుగానే వస్తే పుస్తకం యూనికోడ్‌లో ఉన్నట్లు. ఆంగ్ల అక్షరాలు, వింత గుర్తులు వస్తే పాత ఫాంటులోనే ఉన్నట్లు. అసలు మాట ఎంపికే కాకపోతే పుట మొత్తం బొమ్మగా మారిందని అర్థం. చివరి రెండు సందర్భాలలో ఫోను ఆ కథను అవ్వకు చదివి వినిపించలేదు, పాప ఒక మాటను వెదకలేదు. పైకి పుట ఎంత చక్కగా కనబడినా ప్రయోజనం సగమే.

మార్పిడిలో జాగ్రత్తలు

పాత ఫాంటులో ఉన్న పాఠాన్ని ఎగుమతికి ముందే యూనికోడ్‌కు మార్చాలి. ఇందుకు మార్పిడి పరికరాలు ఉన్నాయి. వాటి ఫలితాన్ని కళ్ళు మూసుకొని నమ్మరాదు. పాఠం నడుమ ఉన్న అసలైన ఆంగ్ల పదాలను కూడా అవి తెలుగు ముక్కలుగా మార్చివేయగలవు. కనుక ఆంగ్ల పదాలను ముందుగా వేరుచేసి ఉంచుకోవాలి. పొల్లుతో ఆగవలసిన చోట తరువాతి హల్లు వత్తుగా మారిందేమో చూడాలి. మార్పిడి ముగిసిన తరువాత పాత అచ్చుప్రతిని పక్కన పెట్టుకొని ఒక పర్యాయం ప్రూఫు చదవడం తప్పనిసరి. అంకెలు, ఊరి పేర్లు, ఇంటిపేర్లు మరింత శ్రద్ధగా చూడాలి.

కూర్పులో చూడవలసినవి

ఇన్‌డిజైన్‌లో తెలుగు సహా పది భారతీయ భాషలకు 2012 నాటి సీఎస్‌6 కూర్పు నుండి అధికారిక మద్దతు ఉన్నది. అయినను పేరాగ్రాఫ్ మెనూలో 'వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్' ఎంచుకొనకపోతే వత్తులు విడిపోయి పొల్లుతో నిలుస్తాయి. ఇటువంటి సందర్భంలో పాఠాన్ని తిరిగి టైపు చేయనవసరం లేదు. మొత్తం పాఠానికి ఆ కంపోజర్‌ను వర్తింపజేస్తే చాలును.

స్థిర పుటల ఎగుమతిలో వరుసలోని మాటలకు విడివిడిగా స్థానాలు, అక్షరాల నడుమ దూరాలు నమోదవుతాయి. వరుస చివరలు సమంగా రావాలని అక్షరాలను సాగదీసి ఉంటే, ఫోనులో మాటలు ఒకదానిపై ఒకటి ఎక్కడమో, వత్తు పక్కకు జరగడమో సంభవించవచ్చు. తెలుగు పాఠానికి అక్షరాల నడుమ అదనపు దూరాన్ని సున్నగా ఉంచి, వరుసలను ఎడమవైపు మాత్రమే సమం చేయడం క్షేమం.

చట్రం అంచున ఎర్రని కూడిక గుర్తు కనబడితే కొంత పాఠం చట్రంలో పట్టలేదని గ్రహించాలి. ఆ మిగులు పాఠం ఈ-పుస్తకంలో కనబడదు. యూనికోడ్‌కు మార్చినప్పుడు ఫాంటు కొలత మారుతుంది కనుక ఇది తరచుగా ఎదురవుతుంది. కథ చివరి వాక్యం మాయమయిందంటే మొదట ఇక్కడ వెదకాలి.

అక్షరాల వెనుక గులాబీ రంగు కనబడితే ఆ ఫాంటు కంప్యూటరులో లేదని అర్థం. కొన్ని ఫాంట్లు ఉన్నప్పటికీ వాటి యాజమాన్య నిబంధనల వలన ఈ-పుస్తకంలో పొదగడానికి వీలుండదు. స్వేచ్ఛా అనుమతితో లభించే నోటో సెరిఫ్ తెలుగు, మండలి, రామరాజ వంటి ఫాంట్లకు ఈ అడ్డంకి లేదు.

ఎగుమతి, ఆపై పరీక్ష

ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ ఎంచుకొని, ఫార్మాట్ వద్ద 'ఈపబ్ (ఫిక్స్‌డ్ లేఅవుట్)' అని సూచించాలి. ఎదురెదురు పుటలు చిన్న ఫోనులో జంటగా కనబడితే అక్షరం చీమతల అంత అవుతుంది. అందుచేత 'డిజేబుల్ స్ప్రెడ్స్' ఎంచుకొనడం మేలు. రెండు పుటల మీదుగా పరచిన బొమ్మ ఉంటే దానిని ముందుగానే ఒక పుటకు కుదించాలి. స్థిర పుటలో పాఠకుడు అక్షరాన్ని మాత్రమే పెద్దది చేసుకొనలేడు. కనుక అచ్చు పుటను యథాతథంగా దింపక, ఫోను తెరకు తగిన పుట కొలతను, పెద్ద అక్షరాన్ని ఎంచుకోవాలి.

ఈపబ్ నిజానికి ఒక జిప్ మూట. కొందరు దానిని విప్పి, లోపల సవరించి, మామూలుగా తిరిగి మూటకడతారు. మైమ్‌టైప్ అనే చిన్న ఫైలు మూటలో మొదట, కుదించకుండా ఉండాలన్నది నియమం. అది తప్పితే పుస్తకం తెరుచుకోకపోవచ్చు. సిజిల్ వంటి ఉచిత సాధనంతో సవరిస్తే ఈ బెడద ఉండదు. ఉచితంగా లభించే ఈపబ్‌చెక్ సాధనం నిర్మాణ లోపాలను చూపిస్తుంది. అయితే అది వత్తు సరిగా పడిందో లేదో చెప్పదు. అందుకు మనిషి కన్నే ప్రమాణం. కంప్యూటరులో థోరియం రీడర్, ఫోనులో గూగుల్ ప్లే బుక్స్ లేదా ఆపిల్ బుక్స్‌లో తెరచి చూడాలి. పంచబోయే కుటుంబంలోని పాత ఫోనులో కూడా తెరచి చూసిన తరువాతనే పంచాలి.

ఏ వరుసలో వెదకాలి?

చిక్కు వచ్చినప్పుడు వెంటనే ఎగుమతి అమరికలను మార్చుతూ కూర్చోవడం కాలహరణం. మొదట నకలు-అతికింపు పరీక్షతో పాఠం యూనికోడ్ అవునో కాదో తేల్చుకోవాలి. తరువాత కంపోజర్, ఆపై ఫాంటు అనుమతి, ఆపై మిగులు పాఠం, చివరగా పుట అమరిక చూడాలి. ఈ వరుసలో పోతే వెదకులాట తగ్గుతుంది.

బొమ్మలు లేని కథలకు స్థిర పుటలు అవసరమే లేదు. వాటికి ప్రవాహ పద్ధతి చాలును. మన ఉదాహరణలోని యువకుడు బొమ్మల కథలను స్థిర పుటలుగా పాపకు పంపి, అదే పాఠాన్ని ప్రవాహ పద్ధతిలో అవ్వ ఫోనుకు పంపవచ్చు. పాఠం ఒకసారి యూనికోడ్‌లోకి వచ్చిన తరువాత ఈ రెండవ ప్రతికి పట్టే శ్రమ స్వల్పం. మీ ఇంట్లో పాత సీడీలు ఉంటే అవి పాడుకాకముందే ఫైళ్ళను, వాటితోపాటు ఫాంట్లను కూడా నకలు తీసి భద్రపరచండి. ఫాంటు పోయిన ఫైలును చదవడం ఎంతో కష్టం.