కన్నీటి తరువాత



ఇంట్లో ఒక మనిషి పోతే పది రోజులు ఇల్లు జనంతో నిండిపోతుంది. ఆ తరువాత ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోతారు. బియ్యం కొలిచేటప్పుడు చెయ్యి అలవాటు కొద్దీ ఇంకో గుప్పెడు తీస్తుంది చూడండి, అప్పుడు తెలుస్తుంది అసలు లోటు. మన ద్వారకా నగర్ లాంటి చోట ఇది మరీ కష్టం. కింద కాంప్లెక్సు బస్సులూ, బజారు రద్దీ ఎప్పటిలాగే ఉంటాయి. పై అంతస్తులో ఒకావిడ తలుపు వేసుకుని కూర్చున్నదని ఎవరికీ తెలియదు. అలాంటి ఇంటికి క్రైస్తవ విశ్వాసం ఏ విధంగా ఊరటనిస్తుందో ఈ రోజు చెప్పుకుందాం.

విశ్వాసం గలవాళ్లు ఏడవకూడదని కొందరంటారు. అది సరికాదు. స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసుక్రీస్తే కన్నీళ్లు పెట్టుకున్నాడని యోహాను సువార్త చెబుతున్నది. రూతు గ్రంథంలోని నయోమి సంగతి చూడండి. పరాయి దేశంలో భర్త పోయాడు, ఇద్దరు కొడుకులూ పోయారు. బేత్లెహేముకు తిరిగి వచ్చి, నన్ను నయోమి అనకండి, మారా అనండి, అన్నది. మారా అంటే చేదు. దేవుడే నా బతుకు చేదు చేశాడని ఊరి ఆడవాళ్ల ముందే అనేసింది. ఆ మాటను బైబిలు దాచలేదు, తప్పు పట్టలేదు.

మరి ఆమె ఎలా కోలుకున్నది? ఎవరో వచ్చి ఉపదేశం చేస్తే కాదు. కోడలు రూతు ఆమెను విడిచిపెట్టలేదు. పొలాల్లో పరిగె ఏరి గింజలు తెచ్చి అత్తకు పెట్టింది. ఆ కోడలి బతుకు చక్కబెట్టాలన్న ఆలోచనతో నయోమి మళ్లీ మనుషుల్లో పడింది. చివరకు రూతు బిడ్డను ఒళ్లోకి తీసుకున్నది. ఆ బిడ్డకు ఓబేదని పేరు పెట్టింది ఎవరనుకున్నారు? ఇరుగుపొరుగు ఆడవాళ్లు! తోడు, తిండి, చేతికో పని - ఊరట ఈ దారినే వచ్చింది.

పోయినవారు వదిలిన పనిని అందుకోవడం ఇంకో దారి. మన విశాఖపట్నంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ అనే ఇద్దరు 1805లో ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. ఆనందరాయర్ సాయంతో సువార్తలను తెలుగు చేయసాగారు. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజెస్ కన్నుమూశారు. పని ఆగిపోయిందనే అనుకుంటాం కదూ? కాని వారు సిద్ధం చేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. తరువాత వచ్చిన ఎడ్వర్డ్ ప్రిట్చెట్ ఆ అనువాదాన్ని ముందుకు సాగించాడు.

మన కాలంలో, మన పొరుగునే ఉన్న ఒడిశాలో, ఈ పని చేసి చూపించిన ఇల్లాలు గ్లాడిస్ స్టెయిన్స్. ఆమె భర్త గ్రాహం స్టెయిన్స్ బారిపదాలో కుష్ఠు రోగుల సేవలో ఏళ్ల తరబడి గడిపిన ఆస్ట్రేలియా వాడు. 1999 జనవరిలో, మనోహర్‌పూర్ గ్రామంలో, రాత్రివేళ జీపులో నిద్రపోతున్న ఆయననూ, పదేళ్ల ఫిలిప్‌నూ, ఆరేళ్ల తిమోతినీ ఒక మూక సజీవంగా దహనం చేసింది. ఆమెకు మిగిలింది కూతురు ఎస్తేరు ఒక్కతే. వాళ్లను క్షమిస్తున్నానని ఆవిడ చెప్పింది. అక్కడితో ఆగలేదు. 2004 దాకా బారిపదాలోనే ఉండి రోగుల పని చూసుకున్నది. భర్త పేర ఆసుపత్రి వెలిసింది. 2005లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది.

క్షమించడమంటే నేరాన్ని ఒప్పుకోవడమా అని మీరడగవచ్చు. కాదు. చట్టం తన పని తాను చేసింది. ప్రధాన ముద్దాయికి పడిన యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయపరచింది. శిక్ష సంగతి కోర్టుకు వదిలి, పగను మాత్రం ఆమె తన ఇంట్లో ఉంచుకోలేదు. పగ కూర్చునే చోట శాంతికి పీట వెయ్యలేం గదా!

అందరికీ అంతటి గుండె ధైర్యం ఉండకపోవచ్చు. ఉండనక్కర్లేదు కూడా. మన క్రైస్తవుల ఇళ్లలో ఆదరణ కూటాలున్నాయి. నవంబరు 2న సమాధుల పండుగ ఉన్నది. సమాధి కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, పోయినవారి పేరు అందరూ కలిసి తలుచుకుంటారు. దుఃఖానికి ఒక తేదీ, నలుగురి తోడు దొరుకుతాయి. పునరుత్థానం మీద నమ్మకమంటే మరచిపోవడం కాదు, మళ్లీ చూస్తామన్న ఆశతో తలుచుకోవడం.

ఇక మనం చేయగలిగిందేమిటి? "అంతా దేవుడి చిత్తం, ఊరుకో" అని తొందరపడి అనకండి. పదకొండో రోజున, నెల దాటాక కూడా, గిన్నెలో ఇంత కూర తీసుకుని వెళ్లండి. పోయినవారి పేరెత్తడానికి జంకకండి. ఆ పేరు వినాలనే ఆవిడకు ఉంటుంది. వారాల తరబడి నిద్రాహారాలు లేకపోతే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. ప్రార్థన ఉన్నదని మందు మానక్కర్లేదు.

దుఃఖంలో ఉన్న సోదరీ, మీకొక్క మాట. ఈ రోజుకు ఈ రోజు చాలు. మీవారు ఇష్టంగా చేసిన పనుల్లో ఒక్కటి, ఎంత చిన్నదైనా సరే, మీ చేతిలోకి తీసుకోండి. శాంతి ఆ పని వెనకాలే, చడీ చప్పుడూ లేకుండా ఇంట్లోకి వస్తుంది.