'అసాధ్యం' అనే ముందు

హైదరాబాదు అమీర్‌పేటలోని మైత్రీవనం చేరగానే కంప్యూటర్ శిక్షణ సంస్థల బోర్డులు కనిపిస్తాయి. ఊళ్ల నుంచి వచ్చిన యువతీయువకులు అక్కడ జావా, పైథాన్ నేర్చుకుంటారు. "మనవల్ల కాదు, అది అసాధ్యం" అనే మాట వినకుండా అంతదూరం వచ్చినవారు అరుదు. ఇంతకీ నిజంగా అసాధ్యమైనది ఏదైనా ఉందా?

ఉంది. వారు నేర్చే విద్యలోనే ఉంది. కొన్ని ప్రోగ్రాములు పని ముగించి ఆగుతాయి, కొన్ని అంతులేకుండా తిరుగుతూనే ఉంటాయి. ఏ ప్రోగ్రామునిచ్చినా అది ఆగుతుందో లేదో తప్పకుండా చెప్పగల ప్రోగ్రాము ఉండజాలదని అలన్ ట్యూరింగ్ 1936 నాటి పరిశోధన నుంచి తేలింది. అలాంటిది ఒకటి ఉందనుకుందాం. తన గురించి అది చెప్పిన తీర్పుకు సరిగ్గా విరుద్ధంగా నడిచే మరో ప్రోగ్రామును రాయవచ్చు. 'ఆగుతుంది' అంటే అది ఆగదు, 'ఆగదు' అంటే ఆగుతుంది. ఇక ఏ తీర్పు చెప్పినా తప్పే! కంప్యూటర్ వేగం ఎంత పెరిగినా ఈ చిక్కు వీడదు.

భౌతికశాస్త్రం చెప్పే అసాధ్యం వేరు. బరువున్న ఏ వస్తువూ సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్ల కాంతి వేగాన్ని అందుకోలేదు. ఇది సృష్టిలో మనం గమనించిన నియమం. మరో నియమం గల సృష్టిని ఊహించడంలో వైరుధ్యమేమీ లేదు.

ఈ తేడాను ఇమామ్ గజాలీ (1058-1111) 'తహాఫుతుల్ ఫలాసిఫా' గ్రంథంలో చర్చించారు. నిప్పు తగిలినా దూది కాలకపోవడం మనకు వింతే గాని, దైవశక్తికి అసాధ్యం కాదన్నారు. ఒక విషయాన్ని ఏకకాలంలో ఔననీ కాదనీ అనడమే అసలైన అసాధ్యమన్నారు. దానివల్ల దైవశక్తికి లోటేమీ రాదు. ఎందుకంటే అది చేయదగిన పనే కాదు, అర్థం లేని మాట.

ఈ రెండూ గాక మూడో 'అసాధ్యం' ఒకటుంది. మన ఇళ్లలో తరచూ వినిపించేది అదే. అమ్మాయి పైచదువు, ముప్ఫై దాటాక కొత్త విద్య, అప్పు లేని పెళ్లి... వీటిలో తర్కవైరుధ్యం లేదు, ప్రకృతి నియమం అడ్డురాదు. ఉన్నది కష్టం, ఖర్చు, నలుగురేమంటారోనన్న భయం. కష్టం చిన్నదని కాదు. కానీ దాని పేరు కష్టమే, అసాధ్యం కాదు.

కాబట్టి ఈసారి బిడ్డ ఏదైనా అడిగినప్పుడు, 'అసాధ్యం' అనే ముందు ఒక్క క్షణం ఆగుదాం. ఈ మూడింటిలో అది ఏదో చూసి, ఆ తర్వాతే జవాబిద్దాం.