మీ తమ్ముడి బీఎంఐ ఫోన్‌లో ‘నార్మల్’ అని వస్తే నమ్మొచ్చా?

మన అనంతపురం కరువు సీమ కదా. ఇక్కడ పిల్లోడు బొద్దుగా ఉంటే "బాగా తింటున్నాడులే" అని ఇంట్లో సంతోషపడతారు. మరి ఆ బరువు ఎక్కువో కాదో ఎలా తెలుస్తుంది?

చాలామంది ఫోన్‌లో బీఎంఐ చూస్తారు. పదేళ్ల అబ్బాయి, ఎత్తు 140 సెంటీమీటర్లు, బరువు 43 కిలోలు అనుకుందాం. బీఎంఐ సుమారు 22. పెద్దవాళ్ల లెక్కలో 25 లోపే కాబట్టి ‘నార్మల్’ అని వస్తుంది. కానీ పిల్లల లెక్క వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో పదేళ్ల అబ్బాయికి 18.5 దాటితే అధిక బరువు, 21.4 దాటితే ఊబకాయం. అంటే వీడిది ఊబకాయమే! వయసును బట్టి ఈ అంకెలు మారతాయి, ఆడపిల్లలకి వేరే ఉంటాయి.

వదిలేస్తే చిన్న వయసులోనే షుగరు, బీపీ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. అలాగని పస్తులు పెట్టొద్దు, ఎగతాళి అసలు చేయొద్దు. ఎదిగే వయసు కాబట్టి చాలామందికి బరువు పెరగకుండా ఆగితే చాలు, ఎత్తు పెరిగేకొద్దీ బీఎంఐ దానంతటదే తగ్గుతుంది.

సంగటి, పప్పు, ఆకుకూర మానక్కర్లేదు. ముందు తగ్గించాల్సింది కూల్‌డ్రింకులు, చిప్స్ ప్యాకెట్లు. 300 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది! రోజూ గంటసేపు చెమట పట్టేలా ఆడనివ్వండి. డౌటుంటే పిల్లల డాక్టర్‌కి చూపించండి.

ఇంట్లో బడికెళ్లే పిల్లలున్న వాళ్లకి ఈ వీడియో షేర్ చేయండి. మళ్లీ కలుద్దాం!