భూమి లోపల ఎంత జారిందో ఎలా తెలుస్తుంది?

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మన భైంసాకు నైరుతిలో, 200 కిలోమీటర్ల లోపే ఉన్న కిల్లారి గ్రామం భూకంపంతో కుప్పకూలింది. భూమి లోతున రాళ్లు ఒక పగులు వెంట జారడమే కారణం. అంత లోతుకు ఎవరూ దిగలేరు. మరి ఎంత జారిందో లెక్కగట్టేదెలా?

పైనేల కదలికే ఆధారం. ఒక్కో చోటు ఎంత లేచిందో, కుంగిందో, పక్కకు జరిగిందో జీపీఎస్ పరికరాలు, ఉపగ్రహ రాడార్లు చెబుతాయి. శాస్త్రవేత్తలు కంప్యూటర్‌లో పగులును చిన్న ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్క ఎంత జారితే పైన దాదాపు అంతే కదలిక వస్తుందో చూస్తారు. కదలిక కొద్ది చోటే గట్టిగా ఉంటే పగులు పైపైనే ఉన్నట్టు. పలచగా దూరం దాకా పరుచుకుంటే లోతున ఉన్నట్టు.

2015 నేపాల్ భూకంపంలో ఖాట్మండు ప్రాంతం సుమారు మీటరు లేచింది. లోపల కొన్ని మీటర్లు జారిందని ఇలాగే తేల్చారు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నిసార్ ఉపగ్రహం పనుల్లో ఇలా నేల కదలికలను పట్టుకోవడం కూడా ఒకటి.