యుద్ధశకట ప్రతిమా నిర్మాణము



ముప్పది యేండ్లకు పైగా బడిలో ఛందస్సును, వ్యాకరణమును చెప్పి విరమించిన తెలుగు పండితుడు యుద్ధశకటమును గూర్చి మాటలాడుట మీలో కొందరికి వింతగా తోపవచ్చును. నాచేత ఉలి పట్టించినది మా వేములలోని యొక తల్లి.

ఆమె కుమారుడు నాయొద్ద చదివినవాడు. సైన్యమునందు చేరి, కవచవాహనములలో పోవు పదాతిదళమున నున్నాడు. ఒకనాడామె మా యరుగుమీద కూర్చుండి, “అయ్యవారూ, మావాడు ట్యాంకులో పోతాడంట. అదెట్లుంటాదో, వాడు యాడ కూచుంటాడో నాకు జూపిస్తారా?” అని యడిగెను. పటమొకటి తెచ్చి చూపితిని. ఆమె దానిని తిప్పి తిప్పి చూచి, “ఇనుము కనపడతా ఉంది గానీ మనిషి పట్టే సందు కనపడలే” అనెను. మాట నిజము. పటము వెలుపలిని మాత్రమే చూపును. లోపలి చోటు తెలియవలెనన్న ప్రతిమయే కావలెను. ఆ ప్రతిమను నేను చేసిన విధమును, చేయుచు నేర్చుకొనిన సంగతిని నేడు మనవి చేసెదను.

మొదట వాహనమేదో తెలిసికొందము. గొలుసుపట్టాలపై నడచు ప్రతి యినుపబండిని మనము ట్యాంకనుచుందుము. అది సరికాదు. ట్యాంకునకు పెద్ద ఫిరంగిని మోయుట ముఖ్యకార్యము. మా బాలుడు పోవు వాహనమునకు సైనికులను యుద్ధభూమికి చేర్చి, దించి, వారికి తోడుగా పోరాడుట ముఖ్యకార్యము. దాని పేరు సారథ్. పేరు వినగానే రథమును సారథియు మనకు జ్ఞప్తికి వచ్చుట సహజమే. మూలరూపము సోవియట్ దేశమువారి బి.ఎం.పి.-2. దానిని మన తెలుగునేలయందే, పూర్వము మెదకు జిల్లాలోనిదై నేడు సంగారెడ్డి జిల్లాలో నున్న ఎద్దుమైలారమున, 1984లో నేర్పడిన కర్మాగారమున నిర్మించుచు వచ్చిరి. 1987లో నీ వాహనముల కూర్పు మొదలాయెను. దీనిపై నమర్చు కాంకుర్స్ క్షిపణులను సహితము చేరువనున్న భానూరులోని భారత్ డైనమిక్స్ కర్మాగారమే చేసినది. వీనిలో పోవు సైనికులకు 1979లో ప్రత్యేకముగా నొక రెజిమెంటు నేర్పరచిరి.

ఇక కొలతలు. ఇవి పుస్తకములలో అచ్చుపడినవే గాని సైన్యరహస్యములు కావు. పొడవు సుమారు 6.7 మీటర్లు, వెడల్పు 3.15 మీటర్లు, ఎత్తు 2.45 మీటర్లు, బరువు సుమారు 14 టన్నులు. మన శిల్పశాస్త్రములందు మానము ప్రధానము. మానము తప్పిన విగ్రహము పూజకు తగదని పెద్దలందురు. ప్రతిమకును అంతే. అన్ని యంగములను ఒక్క నిష్పత్తిలోనే తగ్గింపవలెను. అన్యదేశములలో ప్లాస్టిక్ ముక్కల పెట్టెలను కొని కూర్చువారు 35వ వంతును విశేషముగా వాడుదురు. జపానులోని టమియా సంస్థవారు 1960 దశకపు తొలినాళ్లలో నొక ట్యాంకు బొమ్మను చేయుచు, లోపల రెండు బ్యాటరీలు పట్టవలెనని చూడగా ఆ పరిమాణము కుదిరెనట. అవసరమునుండి పుట్టినది క్రమముగా ఆచారమాయెను. నాకు చూపు తగ్గినది, వ్రేళ్లు మొద్దుబారినవి. కావున నేను 20వ వంతును గైకొంటిని. అనగా మీటరునకు 5 సెంటీమీటర్లు. ప్రతిమ పొడవు 33.5 సెంటీమీటర్లు, వెడల్పు దాదాపు 15.8, ఎత్తు దాదాపు 12.3. 170 సెంటీమీటర్ల మనుష్యుడు 8.5 సెంటీమీటర్ల బొమ్మ యగును.

పుస్తకమున దొరకని చిన్న కొలతలకు త్రైరాశికమే శరణ్యము. పావులూరి మల్లన గణితమును తెనిగించిన నాటినుండియు మనవారికిది తెలిసిన విద్యయే. ప్రక్కనుండి తీసిన ఛాయాచిత్రమున వాహనము 20 సెంటీమీటర్లున్నదనుకొందము. అందొక భాగము 2 సెంటీమీటర్లున్నచో, ప్రతిమయందది యెంత? 33.5ను 2చే గుణించి 20చే భాగింప 3.35 వచ్చును. బడిలో ఈ లెక్కను కంఠస్థము చేయించితిమి. దీనితో నొక వస్తువును చేయించియుండిన పిల్లలు మరచియుండరు గదా యని నాకిప్పుడు తోచుచున్నది.

కొయ్యపనికి కొండపల్లి బొమ్మలవారి పద్ధతి నాకు మార్గదర్శకమయ్యెను. వారు తేలికయైన తెల్లపొనికి కొయ్యను సన్నని సెగపై నారబెట్టి తేమ తీయుదురు. అంగములను వేరువేరుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుదురు. పైన సున్నము పూసి, ఆపైన రంగు వేయుదురు. నాకు పొనికి దొరకక తేలికపాటి పలకలను వాడితిని. చక్రములు ప్రక్కకు ఆరేసి. వానిపైన పట్టాను మోయు చిన్న కప్పీలు మూడేసి. ముందు పండ్లచక్రము, వెనుక పట్టాను బిగించు చక్రము. సీసామూతలను చక్రములుగా పెట్టవలెనని యాశ పుట్టెను గాని కొలత కుదరలేదు. గుండ్రని కడ్డీని బిళ్లలుగా కోసితిని. పాత సైకిలు ట్యూబును పట్టీలుగా కత్తిరించి, దానిపై సన్నని కొయ్యముక్కలను వరుసగా నతికించగా గొలుసుపట్టా సిద్ధమాయెను.

రంగు వేయుట కొయ్యపనికంటె నోర్పుతో కూడినది. గరుకుకాగితముతో నునుపుచేసి, దుమ్ము తుడిచి, పలుచని పూతలు వేయవలెను. ఒక పూత యారినగాని మరియొకటి వేయరాదు. సైనికవాహనమునకు మెరుపు పనికిరాదు. మెరుపు ఎండలో శత్రువునకు ఆనవాలు చూపును. కావున మెరయని పాచిరంగును గైకొని, అందు కొంచెము తెలుపు కలిపితిని. దూరపు కొండ నీలము పలుచబడినట్లు, దూరమున నున్న వస్తువు రంగు తేలిక పడును. చిన్న ప్రతిమ దూరమునుండి చూచిన పెద్దవస్తువు వంటిది గదా. పిదప నీళ్లవలె పలుచనైన నల్లరంగును సందులలోనికి పారించి, పైపైన తుడిచితిని. నీడలేర్పడెను. దాదాపుగా ఆరిన కుంచెతో లేతరంగును అంచులపై రాచితిని. అంచులు తేలెను. కడపట మా చేని మట్టిని గుడ్డలో జల్లించి, బంకనీటిలో కలిపి, పట్టాలకు పూసితిని. ఆ వాహనము వేములకు వచ్చినది కాదు. ప్రతిమయందు నేను చెప్పిన యబద్ధ మదియొక్కటియే.

ఇంత చేసి, ఆ తల్లిని పిలిచి చూపితిని. ఆమె సంతోషించి, “వాడు యాడ కూచుంటాడు?” అని మరల నడిగెను. నేను మొద్దుకొయ్యవలె నుండిపోతిని. పైకప్పును బిగించి యతికించియుంటిని! ఆమె యడిగిన మొదటి ప్రశ్నను రంగుల మురిపెములో మరచితిని. ఆ రాత్రియే కప్పును రంపముతో కోసి, ఎత్తిపెట్టుటకు వీలుగా చేసి, లోపలిభాగమును నిర్మించితిని. ముందు ఎడమప్రక్క తోలువాడు, అతని వెనుక నొక సైనికుడు, కుడిప్రక్క యంత్రము. నడుమ తిరుగు గోపురమున నిద్దరు. వెనుక నారుగురు, వీపులు లోపలికి, మొగములు గోడలవైపు. వెరసి పదిమంది.

బాలునికై నొక బొమ్మను చెక్కితిని. అభిమానముచేత 10 సెంటీమీటర్లు చేసితిని. కూర్చుండబెట్టగా తల కప్పునకు తగిలెను. లెక్క చూడగా రెండు మీటర్ల మనుష్యుడైనాడు! మరల 8.5కు చెక్కితిని. ఈమారు పట్టినది గాని మోకాళ్లు గోడకు చేరువయ్యెను. పలకను వ్రేలెడు జరిపినచో ఆ తల్లి మనస్సునకు ఊరట కలుగును. ఎవరును కొలిచి చూడరు. ఉలి చేతబట్టి చాలసేపు కూర్చుంటిని. కాని ఆమె నన్నడిగినది ఊరట కాదు, వాడు కూర్చుండు చోటు. పలకను జరుపలేదు.

మరునాడామె వచ్చి, కప్పు నెత్తి, చాలసేపు చూచెను. “కాళ్లు సాపుకునే సందు లేదా అయ్యవారూ?”

“లేదమ్మా.”

ఆమె కొంతసేపు మౌనముగా నుండి, వెనుకప్రక్కను తడవి, “ఇవి తలుపులా?” అనెను. అవునంటిని. వెనుక రెండు తలుపులు గలవు. సైనికులు దిగునది వానిగుండనే. వానిని తోలుబద్దలతో నమర్చియుంటిని. ఆమె రెండింటిని తెరచెను, మూసెను, మరల తెరచెను. “రెండుండాయి. మేలు” అనెను.

ఆ తలుపులు లావుగా నుండును. వానిలోపల ఇంధనము నింపు తొట్లుండుటయే కారణము. ఆ లావునుగూడ కొలతప్రకారమే చెక్కితిని. కారణ మామె యడుగలేదు, నేను చెప్పలేదు.

ప్రతిమ యిప్పుడామె యింట గూటిలో నున్నది. దుమ్ము తుడుచునపుడు కప్పు నెత్తి, ఆ బొమ్మ సరిగా కూర్చున్నదో లేదో చూచి, మరల మూయుచున్నదని విన్నాను. తలుపులు మాత్రము తెరచియే యుంచునట.