సముద్రం దాటిన సెల్‌ఫోను

వెనుకటి రోజులలో మన ఉత్తరాంధ్ర నుంచి కూలికి రంగూను వెళ్ళినవారి క్షేమం ఉత్తరం ముక్క మీద తెలియవలసిందే. నేడు రామతీర్థం రాములవారికి దణ్ణం పెట్టుకొని సింగపూరుకో, దుబాయికో బయలుదేరే కుర్రవాని జేబులో సెల్‌ఫోను ఉంటుంది. “దిగ్గానే ఫోను సేత్తానమ్మా!” అంటాడు. తల్లి ఆ మాటే నమ్ముకొని కూర్చుంటుంది. ఐతే ఆ ఫోను అక్కడ పలుకుతుందా?

పలకదేమి, ఫోనులన్నీ ఒకటే గదా అంటారేమో! సెల్‌ఫోను కూడా ఒక విధమైన రేడియోయే. ముల్లు సరియైన చోట నిలవనిదే రేడియోలో పాట వినిపించదు. అలాగే అక్కడి టవరు వాడే తరంగాలు మన ఫోనుకు పట్టుబడాలి. రెండవ తరం ఫోనులకు మన దేశంలో 900, 1800 మెగాహెర్ట్జ్ తరంగాలైతే, అమెరికాలో 850, 1900. ఇక్కడివి మాత్రమే పట్టే ఫోను అక్కడ మూగనోము పట్టేది.

ఇప్పటి ఫోనులు చాలా తరంగాలను పట్టగలవు. కాని తరంగం కుదిరితే చాలదు, తరమూ కుదరాలి. సింగపూరులో రెండవ తరం సేవలను 2017 ఏప్రిల్‌లో ఎత్తివేశారు. ఇంటి దగ్గర నిక్షేపంలా పనిచేసే పాత బొత్తాల ఫోను అక్కడ దిగగానే చేతులెత్తేస్తుంది. అమెరికాలో పెద్ద కంపెనీలు 2022లో మూడవ తరాన్ని కూడా సాగనంపాయి.

ఆస్ట్రేలియాలో 2024లో మూడవ తరం ముగిసినప్పుడు మరొక చిక్కు బయటపడింది. కొన్ని ఫోనులు మామూలు మాటలకు నాలుగవ తరాన్ని వాడుకున్నా, ప్రాణాపాయంలో పిలిచే 000 నంబరుకు మాత్రం మూడవ తరాన్నే వెతుక్కుంటాయి. అటువంటి ఫోనులకు సేవలే ఇవ్వరాదని అక్కడ నిబంధన పెట్టారు. ఆపదలో పలకని ఫోను ఉండీ లేనట్టే గదా!

మన దేశంలో 2017లో వచ్చిన జియోఫోనుది ఇంకొక తీరు. దానికి ఆ కంపెనీ సిమ్ముతోనే పొత్తు. పరదేశపు సిమ్ము వేస్తే ఒప్పుకోదు.

కాబట్టి ప్రయాణానికి ముందే *#06# నొక్కి, ఫోనుకున్న 15 అంకెల సంఖ్య రాసుకోండి. ఆ సంఖ్య చూసి ఫోను తమ దగ్గర పనిచేసేదీ లేనిదీ చెప్పే విదేశీ కంపెనీలున్నాయి. ఇక్కడి సిమ్ముకు రోమింగు పెట్టించుకోండి. బ్యాంకువారి ఓటీపీ వచ్చేది దానికే. డేటా రోమింగు మాత్రం కట్టివేయండి, లేకుంటే బిల్లు వాచిపోతుంది. అక్కడ దిగాక స్థానిక సిమ్ము కొనుక్కోవడం చవక.

అన్నిటికంటె ముఖ్యం, ఇంటి నంబరూ, పనిలో పెట్టేవారి నంబరూ, అక్కడి మన రాయబార కార్యాలయం నంబరూ ఒక కాగితం మీద రాసి పాస్‌పోర్టుతో పాటు కాక, వేరే జేబులో దాచుకోండి. కాగితానికి ఏ తరంతోనూ పేచీ లేదు.